వరహాలు పాడని చరణం

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల దగ్గర వరహాలుని ఎరగని డ్రైవరు ఉండడు. బాడీ తయారయ్యాక అద్దం పైన యజమాని కొలిచే దేవుడి పేరు, తలుపుల మీద నెమళ్ళు, వెనక చెక్క మీద ఒక మంచిమాట, ఇవన్నీ రాసే చెయ్యి అతనిదే. మిగతా పెయింటర్లు పాత ముక్కలనే తిప్పి తిప్పి రాసేవారు. వరహాలు అలా కాదు. "నీకు తోచింది రాసేయ్" అని డ్రైవరు వదిలేస్తే ఆ పూట అతనికి పండగే. టీ గ్లాసు పట్టుకుని బండి చుట్టూ తిరిగి, డ్రైవరుని ఊరడిగి, ఏ రూటో అడిగి, అప్పుడు కుంచె ముంచేవాడు. కోరాపుట్ ఘాటీ తిరిగే ఒక బండికి "మలుపు తిరిగితే ఊరు కాదు, ఇంకో మలుపు" అని రాశాడు. ఆ డ్రైవరు చదువుకుని పగలబడి నవ్వి, ఫొటో తీసి ఇంటికి పంపించుకున్నాడు.

పాటలు కట్టడం కూడా అలాగే అబ్బింది. తండ్రి సింహాద్రి పరవాడ పక్క పల్లెలో తప్పెటగుళ్ళు ఆడిన మనిషి. భూములు ఫ్యాక్టరీలకి పోయి, కుటుంబం గాజువాకలో ఒక వాటాలోకి వచ్చి పడ్డాక ఆయన ఓ గోడౌన్ కాపలాకి కుదిరాడు. ఆట మానేశాడు గాని, కుర్చీలో కూర్చున్నా ఆయన పాదం ఊరుకునేది కాదు. ఆ పాదం దెబ్బ వరహాలు చెవిలో ఉండిపోయింది. హాస్టలు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న ఒక ఇంజినీరింగ్ కుర్రాడి దగ్గర గిటారు కొని, ఫోనులో వీడియోలు చూసి తీగలు నేర్చుకున్నప్పుడు, అతని కుడిచెయ్యి తనంత తానే తండ్రి పాదంలా పడింది. అలా వాయించడం ఇంకెవరికీ రాదని అతనికి తర్వాతెప్పుడో గాని తెలియలేదు.

అతని పాటలకి మొదటి శ్రోత బావ సూరన్న. అతను 'అప్పా' అని పిలిచే అక్క కాంతానికి మొగుడు. సొంతవూరు ఒకటే, అద్దె ఇల్లూ ఒకటే. తండ్రి పోయాక మధ్యగోడకి ఇటు వాటాలో వరహాలూ తల్లి సన్యాసమ్మా, అటు వాటాలో కాంతం దంపతులు. పిల్లలు లేరు. సూరన్న పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గొంతు గాడిదది, చెవి మాత్రం కంసాలి త్రాసు. వరహాలు కొత్త పాట వినిపిస్తే కళ్ళు మూసుకుని, కుర్చీ చేతి మీద వేళ్ళతో దరువేస్తూ వినేవాడు. ఎక్కడో దరువు ఆగిపోయేది.

"ఇక్కడ అబద్దమాడేవు బావ" అనేవాడు.

"అబద్దమేటి? పాట కదా!"

"విరహం అన్నావు. నీకేటి తెలుసు విరహం? సినిమావోల్ల ఇంట్లోంచి ఎత్తుకొచ్చేసినావు. మా ఆవిడ సెప్పినట్టు సెప్పు."

వరహాలుకి ఒళ్ళు మండేది. రెండు రోజులు పలకరించేవాడు కాదు. మూడోనాడు ఆ మాట తీసేసేవాడు.

ఒక ఆదివారం పొద్దున్న రాత్రి షిఫ్టు దిగి వచ్చిన సూరన్న, బూట్లు విప్పకుండానే అరుగు మీద చతికిలబడి గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. బట్టల మీద ఏదో ఘాటు, కుళ్ళిన బాదంకాయల వాసనలాంటిది. కాంతం నీళ్ళ చెంబు ఇస్తూ నవ్వుతున్నట్టే అంది. "ఓలమ్మా, మడిసిని పట్టుకెల్లి మడిసినే తెచ్చిందా ఈ బస్సు? మజ్జిలో మార్సేసిందేటి?"

గోడకి ఇవతల ఆ మాట వరహాలు చెవిన పడింది. సాయంత్రానికి పాటయింది.

*సిఫ్టు బస్సా, సిఫ్టు బస్సా,*
*మడిసిని పట్టుకెల్లి మడిసినే తెచ్చేవా,*
*మజ్జిలో ఏటైనా మార్సేసి తెచ్చేవా?*

ఆ పాటకి మాత్రం సూరన్న దరువు ఎక్కడా ఆగలేదు. అయిపోయాక కళ్ళు తెరిచి, "ఇది మనది బావ" అన్నాడు. అంతే. కాంతం మాత్రం, తన మాట తనకే పాటగా వినిపిస్తే సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పాటే వరహాలుని గాజువాక దాటించింది. లాసన్స్ బే కాలనీలో నిఖిత అనే అమ్మాయి కాఫీ షాపు నడిపేది. కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చిన వాళ్ళ మనవరాలు, పుట్టుక విశాఖలోనే. వారానికోసారి సాయంత్రం పూట ఎవరైనా వచ్చి పాడుకోవచ్చని బోర్డు పెట్టింది. షెడ్డులో ఎవరో చెబితే వరహాలు రెండు బస్సులు మారి వెళ్ళాడు. గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు, పక్కన కూర్చుంటే థిన్నరు వాసన. ముందు పాడినవాళ్ళందరూ సినిమా పాటలే పాడారు. ఇతను కళ్ళు దించుకుని బస్సుని నిలదీశాడు. కప్పుల చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళపాటు అక్కడికి వచ్చేవాళ్ళలో కొందరు అతని కోసమే వచ్చారు. "ఆ వైజాగ్ యాస ఎంత క్యూట్‌గా ఉందో!" అనేవాళ్ళు. ఆ మాటకి ఏం చెయ్యాలో తెలియక వరహాలు నవ్వేవాడు. ఇంటికొచ్చి చెబితే సూరన్న, "క్యూట్ అంటే ఏటి బావ, కుక్కపిల్లని కదా అంటారు?" అని పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఆ నవ్వు కిందటి వర్షాకాలంలో పోయింది.

ఫ్యాక్టరీలో ఒక బ్లాకులో గొట్టం లీకై ఆవిరి కమ్మేసింది. అక్కడే ఇద్దరు పోయారు. సూరన్నని తోటివాళ్ళు మెట్ల దగ్గర పడి ఉండగా లాక్కొచ్చారు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ బిల్లులు కంపెనీయే కట్టింది. పూలగుత్తులతో పెద్దమనుషులు వచ్చి వెళ్ళారు. మనిషి బతికాడు, ఇంటికొచ్చాడు, ఇక కోలుకుంటాడనుకున్నారు. కోలుకోలేదు. ఊపిరితిత్తులు లోపల గట్టిపడిపోతున్నాయని, అది వెనక్కి తిరిగే జబ్బు కాదని డాక్టరు కాంతాన్ని బయటికి పిలిచి చెప్పాడు. ఊపిరితిత్తులు మార్చే ఆపరేషన్ చెన్నైలో చేస్తారు, పనికొస్తాడో లేదో వాళ్ళే చూసి చెప్పాలి అన్నాడు. ఈలోగా కంపెనీ, పనివాళ్ళు మాస్కులు పెట్టుకోకపోవడం వల్లే ప్రమాదం తీవ్రమైందని విచారణలో చెప్పుకుంది. బిల్లులు కట్టడం ఆపేసింది.

మంచం పక్కన గురగురలాడే ఆక్సిజన్ మిషను, ముక్కుకి గొట్టం. సూరన్న మూడు మాటలు మాట్లాడి ఆగేవాడు. మళ్ళీ మూడు. ఆటోనగర్ నుంచి వరహాలు రోజూ సరాసరి అటువైపు వాటాలోకే వచ్చేవాడు. గిటారు ముట్టుకోవాలనిపించేది కాదు. ఒకరోజు సూరన్నే అడిగాడు.

"బస్సు పాట... తియ్యి బావ."

వరహాలు తీశాడు. పాట అయిపోయింది. సూరన్న వేళ్ళు మాత్రం మంచంపట్టె మీద ఆడుతూనే ఉన్నాయి.

"ఇంకోటుంది" అన్నాడు. "సరణం. కట్టేను. ఇంటన్నావా?"

పాడలేదు, చెప్పాడు. ఒక్కో ముక్క చెప్పి ఊపిరి కోసం ఆగాడు. కాంతం నీళ్ళు పట్టుకుని పక్కనే నిలబడింది.

*గంట కొట్టనేదు.*
*సైరను మోగనేదు.*
*ముక్కుకి గుడ్డ*
*ఇయ్యనేదు.*
*పరిగెట్టిన కాలు*
*నాదే.*
*పడిపోయిన కాలు*
*నాదే.*
*తప్పు మాత్తరం*
*నాది కాదు.*

ఆ పంక్తులు అంత పొట్టిగా ఎందుకున్నాయో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మనిషికి మిగిలిన ఊపిరి అంతే. పాటలో ఎక్కడ ఆగాలో, అక్కడ అతని రొమ్ము ఆగింది.

"మాస్కు ఏసుకోనేదంట... మేము" అన్నాడు సూరన్న. "ఇత్తే కదా. ఒక్కడైనా సెప్పాల. పెద్దోల్ల ముందర... నువ్వు పాడతావు కదా. నువ్వు సెప్పు."

"సెప్తాను బావ" అన్నాడు వరహాలు.

సంగతంతా విని కాఫీ షాపులో సహాయం కోసం కార్యక్రమం పెడదామన్నది నిఖితే. మొహమాటానికి అన్న మాట కాదు. షాపు ఆ రోజుకి మూసేసి, హాలంతా కుర్చీలు వేయించి, వరహాలు కొత్త చరణంతో సహా బస్సు పాట సాధన చేస్తుంటే ఫోనులో తీసి నెట్‌లో పెట్టి, తెలిసినవాళ్ళందరికీ టికెట్లు అంటగట్టింది. పోస్టరు మీద పేరు పొట్టిగా బాగుండాలని 'సన్నీ కోసం ఒక సాయంత్రం' అని వేయించింది. వరహాలు ఫోనులో చూపిస్తే సూరన్న మొహంలో పాత వెలుగు ఒక్క క్షణం కదిలింది. "సూరన్న... సచ్చేముందల... సన్నీ అయిపోనాడు" అన్నాడు. కాంతం మాత్రం నవ్వలేదు.

టికెట్లతో వచ్చేది చెన్నై ప్రయాణానికే సరిపోదని తేలిన రోజున, నిఖిత వరహాలుని షాపుకి రమ్మంది. అక్కడ శివరామకృష్ణ అనే పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఆ ఫ్యాక్టరీ తరఫున బడులకి బల్లలు, ఊళ్ళకి మంచినీళ్ళ ప్లాంట్లు ఇచ్చే వ్యవహారాలు చూస్తాడు. మాట మెత్తన, మనిషి నెమ్మది. లేచి వరహాలుకి నమస్కారం పెట్టాడు.

"సూరన్నగారి చికిత్స మొత్తం మావాళ్ళు చూస్తామంటున్నారు బాబూ. చెన్నై, అక్కడ ఉండడం, అన్నీ. ఇందులో బలవంతం ఏమీ లేదు" అన్నాడు. "మీ పాట విన్నాను. నిఖితగారు వీడియో పెట్టారు కదా, అందులో. నాకు కళ్ళు చెమర్చాయి, నిజంగా. ఆ చివరి చరణం ఒక్కటే... విచారణ నడుస్తోంది. మా బ్యానరు వెనక పెట్టుకుని ఆ మాటలు పాడితే, పైవాళ్ళు నన్నడుగుతారు. మిగతా పాటంతా మీ ఇష్టం."

ఆయన వెళ్ళిపోయాక నిఖిత బల్ల మీది కప్పులు తీసింది.

"నేనా వీడియో పెట్టకుండా ఉండాల్సింది" అంది. "వరహాలుగారూ, మీరు వద్దంటే ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను. నా మీద ఒట్టు. కానీ వద్దంటే తర్వాత ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదు."

అతనికీ తెలియదు. బస్సులో గాజువాక దాకా కిటికీలోంచి చూస్తూ వచ్చాడు. సూరన్నకి చెబుదామనే అనుకున్నాడు. చెబితే ఏమంటాడో తెలుసు కాబట్టి, ముందు కాంతానికి చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"తీసేయ్" అంది.

"అది బావ కట్టింది అప్పా."

"నాకు తెలీదేటి? కట్టినప్పుడు నీళ్ళిచ్చింది నానే కదా." ఆమె గొంతు తగ్గించింది. గోడకి అవతల మిషను గురగురలాడుతోంది. "ఆ సరణం ఊపిరిత్తాదా తమ్ముడా? సెన్నై తీసుకెల్తాదా? ఆళ్ళు తీసుకెల్తాం అంటన్నారు. ఆళ్ళే తీసేరు, ఆళ్ళే ఇత్తాం అంటన్నారు. నాను వొద్దనను."

"సెప్తానని మాటిచ్చేను."

"నాకూ మాటిచ్చేరు, పెల్లినాడు. నూరేళ్ళు అన్నారు." కాంతం కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "నాకు మడిసి కావాల్రా. పాట అక్కర్నేదు. పాపమొత్తే నా నెత్తి మీద ఏసెయ్. ఆయనకి మాత్రం సెప్పకు."

కార్యక్రమం నాటి సాయంత్రం సూరన్న వస్తానని పట్టుబట్టాడు. ఇంట్లోనే ఉండి ఫోనులో చూడమంటే ఒప్పుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేయించుకున్నాడు, గడ్డం గీయించుకున్నాడు. నిఖిత కారు పంపింది. సిలిండరుతో సహా దించి ముందు వరసలో కూర్చోబెట్టారు. కాఫీ మిషను బుస్సుమని ఆవిరి వదిలితే అటు చూసి, "దీనికి... నాకన్నా... ఆయాసం" అన్నాడు. పక్కన కూర్చున్న ఎవరో పెద్దావిడ నవ్వబోయి, నవ్వవచ్చో లేదో తెలియక ఆపుకుంది.

హాలు నిండింది. వెనక గోడకి కంపెనీ బ్యానరు, దాని మీద పచ్చటి ఆకు బొమ్మ. ఆ మూల శివరామకృష్ణ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వరహాలు స్టూలు మీద కూర్చుని మొదట వేరే పాటలు పాడాడు. ఘాటీ రోడ్డు పాట, రంగుల డబ్బాల పాట. చప్పట్లు బాగానే పడ్డాయి. అతనికి అవేవీ చెవికెక్కలేదు. సూరన్న వేళ్ళు సిలిండరు మీద మెత్తగా దరువేయడమే చూస్తున్నాడు.

"ఇప్పుడు బస్సు పాట" అని నిఖిత మైకులో చెప్పింది.

వరహాలు మొదలుపెట్టాడు. ఆ రోజు గొంతు ఎంత బాగా పలికిందంటే, అదే అతనికి భరించరానిదైంది. చలికి ముడుచుకున్న షిఫ్టు వాళ్ళూ, సగం నిద్రలో తలలు వాలిన కిటికీలూ, గుమ్మంలో నిలబడ్డ ఆడదీ, అన్నీ వచ్చాయి. హాల్లో ముక్కులు ఎగబీలుస్తున్న చప్పుడు. చివరి చరణం రావలసిన చోటికి పాట వచ్చింది.

అతను నోరు తెరవలేదు. తీగల మీద వేళ్ళు మాత్రం నడిపించాడు.

సూరన్న మొదట గమనించలేదు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. చూపుడువేలు సిలిండరు మీద రెండు దెబ్బలు వేసి ఆగింది. మళ్ళీ రెండు వేసి ఆగింది. ఆ చరణం ఎక్కడెక్కడ ఆగాలో అక్కడే ఆగుతూ, మాట లేని చరణాన్ని వేలు ఒక్కటే పాడుకుంటూ పోయింది. సగంలో కళ్ళు తెరిచి వరహాలు నోటికేసి చూశాడు. వేలు ఇనుము మీద అలాగే ఉండిపోయింది.

వరహాలు పల్లవి అందుకుని పాట ముగించాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శివరామకృష్ణ ముందుకొచ్చి, సూరన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఫొటో తీసేవాడు "సార్, ఇటు" అన్నాడు. సూరన్న ఇటు చూశాడు. నమస్కారం పెట్టమంటే పెట్టాడు.

తిరిగి వెళ్ళడానికి ముగ్గురూ కారెక్కారు. పోర్టు రోడ్డు మీద లారీల వెనక బండి నెమ్మదిగా పాకింది. బొగ్గు దుమ్ము లోపలికి రాకుండా కాంతం అద్దాలు పైకెత్తింది. గాజువాక దగ్గరపడుతుండగా సూరన్న నోరు విప్పాడు.

"గిటారు... బాగుంది బావ."

వరహాలు తల ఊపాడు.

"సివరిది... మర్సిపోనావేటి?"

కాంతం చెయ్యి వచ్చి వరహాలు మోకాలి మీద పడింది. గట్టిగా నొక్కింది.

"మర్సిపోనాను బావ" అన్నాడు వరహాలు. "అందర్నీ సూసేసరికి... బుర్ర తిరిగిపోయింది."

సూరన్న కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. కోపం కనిపించలేదు. ఎప్పుడూ తప్పు పట్టేటప్పుడు మొహంలో ఉండే ఆ ఆటపట్టించే నవ్వు కూడా లేదు.

"నీ పాటలో మాట... ఎప్పుడూ మర్సిపోనేదు నువ్వు" అన్నాడు. "అంటే... నాను... సరిగ్గా కట్టనేదు."

"అలగ కాదు బావ..."

"సరిగ్గా కడితే... నిలబడతాది కదా నోట్లో." అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

అతనికి నిజంగా తెలియలేదో, తెలిసీ అలా అన్నాడో వరహాలుకి ఈ రోజుకీ అంతుపట్టదు. ఆ రాత్రీ, మర్నాడూ, ఆ తర్వాత చాలా రోజులూ నిజం చెప్పేద్దామని మంచం దాకా వెళ్ళేవాడు. కాంతం గుమ్మంలో నిలబడి చూసేది. ఇతను బావ కాళ్ళకి దుప్పటి సర్ది వచ్చేసేవాడు. సూరన్న మళ్ళీ పాట పాడమని అడగలేదు. తాను ఇంకో ముక్క కట్టనూ లేదు.

కంపెనీ మాట తప్పలేదు. ఆ సంగతి కూడా చెప్పాలి. ఆంబులెన్సు పెట్టి, నర్సుని ఇచ్చి చెన్నై పంపించారు. అక్కడి డాక్టర్లు వారం పైన ఉంచుకుని అన్నీ చూశారు. ఆపరేషనుకి మనిషి తట్టుకోలేడు, కొన్ని నెలల ముందు తెచ్చి ఉంటే ఆలోచించేవాళ్ళం అన్నారు. ఆ కొన్ని నెలల ముందు డబ్బు లేదు. డబ్బు వచ్చేసరికి ఆ నెలలు లేవు. కాంతం ఆ మాట విని డాక్టరుకి దండం పెట్టి, వెనక్కి తీసుకొచ్చేసింది.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, కరెంటు ఉండగానే, మిషను నడుస్తుండగానే సూరన్న పోయాడు. కాంతం గంజి చల్లార్చి తెచ్చేసరికి అయిపోయింది. ఫ్యాక్టరీ నుంచి దండ వచ్చింది. దినవారాలు అయ్యాక శివరామకృష్ణ స్వయంగా వచ్చి, కాంతానికి వాళ్ళ క్యాంటీన్‌లో పని ఇప్పిస్తానన్నాడు. ఆమె వెంటనే ఒప్పుకుంది. "అక్కడికే ఎల్తావా అప్పా?" అని వరహాలు అడిగితే, "ఇంకెక్కడ రమ్మంటన్నార్రా నన్ను?" అంది.

వేసవి మొదట్లో విచారణ సంగతి పేపర్లో ఓ మూల పడింది. ప్రమాదానికి కారణం సిబ్బంది అజాగ్రత్త. రక్షణ పరికరాలు అందుబాటులో ఉన్నా వాడలేదు. అంతే. షెడ్డులో ఆ ముక్క చదివిన వరహాలు, కుంచె డబ్బాలో పడేసి ఇంటికొచ్చాడు. మర్నాడు పొద్దున్న గిటారు వీపున తగిలించుకుని పరవాడ వెళ్ళాడు. ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా, షిఫ్టు మారే వేళకి, రోడ్డు వార నిలబడి బస్సు పాట అందుకున్నాడు.

దిగేవాళ్ళు దిగుతున్నారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. ఇంజన్ల రొదలో సగం పాట ఎవరికీ వినిపించలేదు. సూరన్నని ఎరిగిన ఒకరిద్దరు ఆగారు. ఒకతను ఫోను తీశాడు. గేటు దగ్గరి ముసలి గార్డు వరహాలు తండ్రికి తెలిసినవాడు, దగ్గరకొచ్చి, "ఇక్కడొద్దు నాయనా, మా ఉద్యోగాలు" అని బతిమాలాడు. వరహాలు ఆపలేదు. ఈసారి ఎవరు అడ్డొచ్చినా చరణం చెప్పే కదలాలనుకున్నాడు. దాని ముందరి పల్లవి పాడుతుండగా ఆగిన బస్సులోంచి క్యాంటీన్ యూనిఫాం కట్టుకున్న కాంతం దిగింది.

ఆమె పరిగెత్తలేదు. నడిచి వచ్చి తమ్ముడి ఎదురుగా నిలబడి, తీగల మీద అరచెయ్యి పెట్టింది. శబ్దం చచ్చిపోయింది.

"ఆపెయ్."

"మాటిచ్చేను అప్పా. ఇప్పుడైనా..."

"ఎవులికిరా?" అంది కాంతం. "ఆయనకి ఇనపడదు. నాకు ఇనపడతాది. రోజూ ఆ బ్లాకు ముందునుంచే బేసిన్లు మోసుకెల్తన్నాను నాను. నన్ను ఆ కూడు తిననీ."

చుట్టూ ఉన్నవాళ్ళు చూపులు తిప్పుకున్నారు. లోపల నుంచి ఎవరో ఆమెని పేరు పెట్టి కేకేశారు. "వత్తన్నాను బాబూ" అని కాంతం బదులు చెప్పి, గిటారు మీది చెయ్యి తీసి, కొంగు సర్దుకుని గేట్లోకి వెళ్ళిపోయింది. వరహాలు ఇంకా కాసేపు నిలబడ్డాడు. ఫోను పట్టుకున్నతను "పాడన్నా" అన్నాడు. నోరు తెరిచాడు. మొదటి మాట గుర్తుంది, రెండోది గుర్తుంది. ఊపిరే రాలేదు. తిరిగి బస్సెక్కాడు.

తర్వాత నిఖిత చాలాసార్లు పిలిచింది. మొదట్లో గొంతు బాగాలేదన్నాడు. తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. ఆమె ఒకసారి వెతుక్కుంటూ ఆటోనగర్ దాకా వచ్చింది. బండి కింద దూరి పనిచేసుకుంటున్న అతను బయటికి రాలేదు. ఆమె షెడ్డు బయట ఎండలో నిలబడి, నిలబడి వెళ్ళిపోయింది. ఇప్పుడు డ్రైవర్లు తోచింది రాయమంటే, పక్క బండి మీద ఏముందో అదే రాస్తున్నాడు.

కాంతం తల్లి దగ్గరికి, ఇటు వాటాలోకి వచ్చేసింది. అటు వాటాలోకి పార్వతీపురం వైపు నుంచి కొత్తగా పెళ్ళయిన జంట దిగింది. అబ్బాయికి సూరన్న చేసిన ఫ్యాక్టరీలోనే పని దొరికింది. సామాన్లు సర్దుకున్నాక ఒక సాయంత్రం అతను అరుగు మీదికొచ్చి వరహాలు పక్కన కూర్చున్నాడు. మొహం నిండా ఉత్సాహం.

"మీకు తెలిసినోల్లు సేసేరంట కదన్నా అందులో" అన్నాడు. "ఎలగుంటాది లోపల? పర్లేదా?"

లోపల కాంతం గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది.

"పర్లేదు" అన్నాడు వరహాలు. "బాగానే ఉంటాది."

అబ్బాయి సంతోషంగా లేచి, ఆ మాట పెళ్ళానికి చెప్పడానికి లోపలికి వెళ్ళాడు.